ఏరిన పదహారు

‘ఆణిముత్యాలు’ అన్న మాట వింటే నాకు వొళ్ళు మండుతుంది. ముత్యాలు సరే, ఏరినవాడెవడండీ?

రామ్‌స్టైన్ అని జర్మనీ పాటల బృందం ఒకటుంది. సుత్తి దెబ్బల్లాంటి డ్రమ్ములు, రంపపు కోతలాంటి గిటార్లు. ఇండస్ట్రియల్ మెటల్ అంటారు. ‘అదీ ఒక సంగీతమేనా?’ అని పెద్దలు చెవులు మూసుకుంటారు. పటాన్‌చెరులో మిషన్ల మోత మధ్య సంసారాలు చేసేవాళ్ళం, మనకా మాటనే హక్కెక్కడిది? నా తగువు మోతతో కాదు, ఏరివేతతో.

వీళ్ళు 2011 డిసెంబరులో అప్పటిదాకా పాడినవాటిలోంచి ఏరి, ఒక కొత్త పాట చేర్చి, మొత్తం 16 పాటలతో ‘మేడ్ ఇన్ జర్మనీ’ అని సంకలనం వేశారు. దాదాపు అన్నీ విడిగా విడుదలై పేరు తెచ్చుకున్నవే. తమ పేరే పేరుగా వున్న పాట మాత్రం అందులో లేదు!

1988 ఆగస్టు 28న పశ్చిమ జర్మనీలోని రామ్‌స్టైన్‌లో విమానాల విన్యాసాలు చూడొచ్చిన జనం మీద మండుతున్న విమానం పడింది. 70 మంది పోయారు. ఆ వూరి పేరే వీళ్ళ పేరయింది. 1995 నాటి మొదటి ఆల్బంలో ఆ ఘోరం మీద పాటా కట్టారు. తీరా మేలైనవి ఏరేటప్పటికి, పేరు మిగిలింది, చచ్చిపోయినవాళ్ళ పాట జారిపోయింది.

‘డబ్బాలో అన్నీ పడతాయా తల్లీ?’ అంటారు. పట్టవు. అందుకే ఏది వదిలారో చూడాలంటున్నాను.

మనమూ ఇలాంటి సంకలనం వేసుకున్నవాళ్ళమే. బి.హెచ్.ఇ.ఎల్. వుంటుంది, 1972లో వచ్చిన ఇక్రిశాట్ వుంటుంది, మందుల ఎగుమతులుంటాయి. విషపు నీళ్ళు మోసిన నక్కవాగు వుండదు. 2025 జూన్ 30న పాశమైలారంలో, మాత్రల్లో కలిపే పొడి చేసే ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా పోయారు. పొట్ట చేతపట్టుకుని పరాయి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు ఎందరో! కొందరి ఆనవాళ్ళు కూడా ఇంటివాళ్ళకు దక్కలేదు.

నష్టపరిహారం లెక్క వేరు, జ్ఞాపకం లెక్క వేరు. వాళ్ళ పేర్లు వాళ్ళ భాషల్లో చెక్కిన రాయి ఒకటి ఆ పారిశ్రామికవాడ దారిలో నిలబెట్టండి. సంగారెడ్డి బడిపిల్లల చేత ఆ పేర్లు చదివించండి. ఆ తరవాత ఎన్ని ఆణిముత్యాలైనా ఏరుకోండి, నేను నోరెత్తను.