కంప్యూటరు వచ్చింది, కాగితం కదలాలి

కులం, ఆదాయం, అడంగల్, ఇ.సి... ఇలాంటి కాగితం ఒక్కటి కావాలంటే పల్లె రైతు ఒకప్పుడు పడిన పాట్లు పెద్దవారికి చెప్పనక్కరలేదు. ముందు కరణంగారి అరుగు, తరువాత తాలూకా కచేరీ. అక్కడ గుమాస్తా సెలవు, మళ్లీ సోమవారం రమ్మనేవారు. 1984లో కరణం, మునసబుల వ్యవస్థ రద్దయింది. 1985లో మండలాలు ఏర్పడి కచేరీ కాస్త దగ్గరైంది. అయినా దరఖాస్తు పట్టుకుని వరండాలో పడిగాపులు కాయడం తప్పలేదు.

ఆ తిప్పట తగ్గించడానికే కంప్యూటరు వచ్చింది. ఈ విషయంలో మన పశ్చిమ గోదావరి ముందు నడిచింది. హైదరాబాదులో 2001లో ఈ-సేవ కేంద్రాలు తెరిస్తే, 2002లోనే మన మండలాలకు అవి వచ్చాయి. పైగా ఇక్కడ వాటిని నడిపింది పొదుపు సంఘాల మహిళలు. 2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో మీసేవ మొదలై తరువాత రాష్ట్రమంతా విస్తరించింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభమయ్యాయి. 2025 జనవరిలో వాట్సాప్ ద్వారా కూడా సేవలు అందించడం మొదలైంది.

దీనివల్ల మేలు జరగలేదనడం అన్యాయం. డిజిటల్ సంతకంతో వచ్చిన ధ్రువపత్రం అసలుదో కాదో దరఖాస్తు నంబరుతో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇ.సి. కోసం రిజిస్ట్రారు కార్యాలయం చుట్టూ తిరగనక్కరలేదు. రికార్డు కంప్యూటరులో ఉన్న సేవలకు మీసేవలో పెట్టిన గడువు 15 నిమిషాలు.

చిక్కంతా రెండో రకం సేవలతోనే. ఆదాయ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాసు పుస్తకంలో పేరు మార్పు వంటివాటికి విచారణ జరగాలి. కేంద్రంలో కూర్చున్న పిల్లవాడు దరఖాస్తు ఎక్కించి రశీదు ఇస్తాడు. అక్కడితో అతని పని అయిపోయింది. ఆపైన వి.ఆర్.ఓ., ఆర్.ఐ., తహసీల్దారు చూడాలి. వారి బల్లమీద కాగితం ఆగితే కంప్యూటరు మాత్రం ఏం చేస్తుంది? చివరకు ‘తిరస్కరించడమైనది’ అన్న ఒక్క మాట వస్తుంది. ఎందుకో తెలియదు. మళ్లీ రుసుము, మళ్లీ దరఖాస్తు. ఈలోగా పిల్లవాడి కాలేజీ అడ్మిషను గడువు దాటిపోతుంది. కూలివాడికి రెండు రోజుల కూలి పోతుంది. ఈ సందులోనే దళారి దూరుతున్నాడు.

కౌలు రైతు సంగతి మరీ విచారకరం. డెల్టాలో దుక్కి దున్నేవారిలో కౌలుదారులు ఎందరో అందరికీ తెలిసిందే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే కార్డు గడువు 11 నెలలు. దానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆసామి సంతకం పెట్టనంటే ఏ కేంద్రంలోనూ ఆ కార్డు రాదు. పంట నమోదు యజమాని పేరున పడితే, వరద ముంచినప్పుడు నష్టపరిహారం కూడా ఆయన పేరునే వస్తుంది. ఇక్కడ సరిచేయవలసింది చట్టాన్నేగాని యంత్రాన్ని కాదు.

నాట్లు వేసి, కోతలు కోసి వేలిముద్రలు అరిగిపోయినవారు ఊరూరా ఉన్నారు. కనుపాపతో, ముఖంతో గుర్తించే పద్ధతులు ఉండగా ‘ముద్ర పడలేదు, రేపు రండి’ అని ముసలివారిని పంపేయడం తగదు. వాట్సాప్ ఉంది కదా అని కేంద్రాలను పలచన చేయడమూ మంచిది కాదు. స్మార్టు ఫోను లేని ఇల్లు, చదువురాని తల్లి, బుట్టాయగూడెం వంటి ఏజెన్సీ మండలాలలో సిగ్నలు అందని గూడెం ఇంకా ఉన్నాయి. వారికి ఎదురుగా కూర్చుని మాట వినే మనిషి కావాలి.

అధికారులు చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి కేంద్రం గోడమీద సేవల పేర్లు, రుసుము, గడువు కనపడేటట్లు తెలుగులో రాయించాలి. తిరస్కరించినప్పుడు కారణం, జతపరచవలసిన కాగితం తెలుగులోనే తెలపాలి. అధికారుల లోపంవల్ల తిరస్కరించిన దరఖాస్తుకు రెండోసారి రుసుము తీసుకోరాదు. గడువు దాటిన దరఖాస్తులు ఏ బల్లమీద ఎన్నాళ్లుగా ఉన్నాయో కంప్యూటరే చెబుతుంది. కలెక్టరు ఆ జాబితాను నెలకొకసారి పత్రికలకు ఇస్తే సగం ఫైళ్లు వాటంతట అవే కదులుతాయి.

ప్రజలూ ఊరకుండరాదు. రశీదు తీసుకోకుండా కేంద్రం మెట్లు దిగవద్దు. బోర్డుమీద ఉన్న రుసుముకు పైసా ఎక్కువ ఇవ్వవద్దు. కాగితం ఎందుకు ఆగిందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. గ్రామస్థాయిలో ఆ దరఖాస్తుకు రుసుము కూడా లేదు. అడిగేవాడు ఉన్న ఊళ్లో పని ఆగదు.