సంతకం పెడితే ఒక భయం, పెట్టకపోతే మరో భయం

ఫెడరల్ సొమ్ము తీసుకునే ప్రతి సంస్థా ‘చట్టవిరుద్ధమైన డీఈఐ కార్యక్రమాలేవీ నడపడం లేదు’ అని రాసివ్వాలన్నది 2025 జనవరి 21న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు. వైవిధ్యం, సమన్యాయం, అందరికీ చోటు అనే పనులన్నిటికీ కలిపి డీఈఐ అని పేరు. వాటిలో ఏది చట్టవిరుద్ధమో ఉత్తర్వు చెప్పలేదు. రాసిచ్చింది అబద్ధమని తేలితే మాత్రం ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద మూడింతల నష్టపరిహారం కట్టాలి.

షికాగో విమెన్ ఇన్ ట్రేడ్స్ అనే సంస్థ దాని మీద కోర్టుకెక్కింది. 1981 నుంచి ఆ సంస్థ చేస్తున్న పని ఇది: ప్లంబింగ్, వడ్రంగం, వెల్డింగ్, కరెంటు పనుల్లోకి రాదలచిన ఆడవాళ్లను యూనియన్ అప్రెంటిస్‌షిప్‌లకు తయారుచేయడం. టేపు చదవడం, భిన్నాల లెక్కలు, పనిముట్లు పట్టే తీరు, బరువులెత్తే కసరత్తు నేర్పుతారు. అప్రెంటిస్‌గా చోటు దొరికితే జీతం తీసుకుంటూనే నాలుగైదేళ్లలో పనిమంతురాలు కావచ్చు, చదువు అప్పు నెత్తిన పడదు. ఫెడరల్ కాంట్రాక్టు నిర్మాణాల్లో ఆడవాళ్లకు 6.9 శాతం పని దక్కాలని 1978లోనే లక్ష్యం పెట్టారు. ఇప్పటికీ నిర్మాణ పనివాళ్లలో వాళ్లు వందకు నలుగురైదుగురే. తలుపు ఇంకా మూసే ఉందనడానికి వేరే సాక్ష్యం కావాలా?

జడ్జి మాథ్యూ కెన్నెలీ అదే ఏడాది మార్చిలో తాత్కాలికంగా, ఏప్రిల్‌లో మధ్యంతర ఉత్తర్వుతో, కార్మికశాఖ ఆ హామీపత్రం అడగకుండా ఆపారు. సర్కారు సొమ్ముతో సంబంధం లేని పనుల మీద కూడా నోరు నొక్కే షరతు అది, వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమన్నది ఆయన తర్కం. మంచి తీర్పే. కానీ నాకు ఊరట సగమే కలిగింది. ఆడవాళ్లకు పని నేర్పడం న్యాయమైన పని అన్న మాట నేరుగా చెప్పుకోవడానికి వీల్లేక, మాట్లాడే హక్కు చాటున నిలబడాల్సి వచ్చింది.

మన రాజ్యాంగం ఆ మాట సూటిగా అంది. స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని 15(3) అధికరణం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగాల్లో మహిళలకు 30 శాతం ప్రాధాన్యాన్ని హైకోర్టు కొట్టేస్తే, 1995లో సుప్రీంకోర్టు నిలబెట్టింది ఆ బలంతోనే. అయినా మన కట్టడాల దగ్గర తాపీ మగవాడి చేతిలో, ఇసుక తట్ట ఆడమనిషి నెత్తిన. హక్కు రాసిపెట్టుకుని శిక్షణ మరిచాం. అక్కడ శిక్షణ నడుస్తోంది, దానికి రాతకోత లేదు.

పూర్తిగా లేదనీ అనలేం. ఇలాంటి శిక్షణలకు గ్రాంటులివ్వాలని 1992లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, సంతకం చేసింది రిపబ్లికన్ అధ్యక్షుడు పెద్ద బుష్. కాంగ్రెస్ చేసిన చట్టాన్ని అధ్యక్షుడి ఉత్తర్వు నీరుగార్చకూడదు. ఆ షరతును కోర్టు ఆపింది. ఏటేటా డబ్బు మంజూరు చేయాల్సింది మాత్రం కాంగ్రెస్సే, ఆ సభ్యులనే గట్టిగా నిలదీయాలి.