షుగర్ బిళ్లలు చేతికొచ్చాయి, మాట మాత్రం రాలేదు

ఈసారి కాళ్ల గురించి మాట్లాడదాం.

మా మేనత్తది ముంచంగిపుట్టు వైపు కొండ మీద ఊరు. ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడతారు. ఆమెకి షుగర్ ఉందని తెలిసి నాలుగేళ్లు. బిళ్లలు నెలనెలా తెచ్చుకునేది, మానకుండా వేసుకునేది. పోయిన చలికాలం ఒక రాత్రి పొయ్యి దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుంది, మన ఇళ్లలో అందరం కూర్చున్నట్టే. పొద్దున చూస్తే అరికాలు బొబ్బలెక్కి ఉంది. కాలుతున్నట్టు ఆమెకి తెలియనే లేదు. ఆకు పసరు కట్టి పదిహేను రోజులు చూశారు. చివరికి పట్నం ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

ఆమె చీటీలు తిరగేశాను. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, కొన్ని అంకెలు, అన్నీ ఇంగ్లీషులోనే. "ఈ నాలుగేళ్లలో నీ కాళ్లు ఎవరైనా చూశారా అత్తా?" అని అడిగాను. "కాళ్లెందుకు చూస్తారు, నాకున్నది షుగర్ కదా" అంది.

షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కాళ్లలో నరాలు దెబ్బతింటాయని, ముల్లు గుచ్చినా నిప్పు తగిలినా తెలియదని, ఆ పుండు తొందరగా మానదని ఆమెకి ఒక్కరూ చెప్పలేదు. చెప్పడానికి పట్టేది ఐదు నిమిషాలు. అది డాక్టరే చెప్పాలని కూడా లేదు. ఇది నర్సు పని, ఏఎన్ఎం పని. సూది వేయడం, బిళ్లలు లెక్కపెట్టి ఇవ్వడం ఎంత వైద్యమో రోగికి అర్థమయ్యేలా చెప్పడం కూడా అంతే వైద్యం. మన ఏజెన్సీలో ఆ సగం వైద్యం అందడం లేదు. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

షుగర్ పట్నపోళ్ల జబ్బు అనుకునే రోజులు పోయాయి. 2023లో ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని తేల్చింది. ఆదివాసీ ఆరోగ్యం మీద అభయ్ బంగ్ కమిటీ 2018లోనే చెప్పింది: మలేరియా, టీబీ, పోషకాహార లోపం పోకముందే బీపీ, షుగర్ కూడా మన మీద పడుతున్నాయని. ఇవి వేరువేరు జబ్బులు అనుకోకండి. షుగర్ ఉన్నవాళ్లకి టీబీ వచ్చే ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువ.

తిండి సంగతి చూడండి. మన సామలు, చోళ్లు పట్నం షాపుల్లో షుగర్ పేషెంట్ల తిండి అని ప్యాకెట్లలో పెట్టి అమ్ముతున్నారు, మన కుండలో మాత్రం కోటా బియ్యం ఉడుకుతోంది. అలాగని చోడి అంబలి ఎంత తాగినా ఏమీ కాదనుకుంటే పొరపాటు. పల్చగా బాగా ఉడికిన జావ కూడా షుగర్ పెంచుతుంది. ఎంత తాగాలో, పప్పు, ఆకుకూర పక్కన ఎంత ఉండాలో కూర్చుని చెప్పే మనిషి కావాలి. గోడ మీద ఆపిల్, ఓట్స్ బొమ్మలు అంటిస్తే అది మనకి చెప్పినట్టు కాదు.

ఇంకోటి, దీన్ని ఇంట్లో అందరికీ చెప్పండి. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ల వేసుకుంటే తిండి తప్పకూడదు. మనవాళ్లు పొద్దున బిళ్ల మింగి, ఏమీ తినకుండా పోడుకి ఎక్కుతారు, అన్నం మధ్యాహ్నం ఎప్పుడో. ఆలోగా షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం. చూసినవాళ్లు గాలి సోకిందంటారు, లేదా తాగాడంటారు. నిజంగానే ఖాళీ కడుపున సారా తాగి ఉంటే షుగర్ ఇంకా పడిపోతుంది. మనిషికి స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి, పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి, తర్వాత అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఆస్పత్రికి మోయాలి. మన దారుల్లో మోయడమంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. అందుకే పోడుకి వెళ్లే షుగర్ మనిషి కొంగులో పంచదార పొట్లం ఉండాలి.

మన ఒంట్లోనే ఉన్న మరో సంగతి సికిల్ సెల్. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష ఉంది కదా, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు తొందరగా చనిపోతాయి కాబట్టి అది నిజమైన షుగర్ కంటే తక్కువ చూపించవచ్చు. కాగితం మీద బాగుందని వస్తుంది, లోపల కాళ్లు, కళ్లు, కిడ్నీలు పాడవుతుంటాయి. మీ ఇంట్లో సికిల్ సెల్ ఉందని తెలిస్తే సిస్టరమ్మకి ముందే చెప్పండి, పరగడుపున, తిన్నాక రెండు గంటలకి చేసే పరీక్షలు కూడా చేయమని అడగండి.

ఇన్సులిన్ రాసిచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోమంటారు. కరెంటే నిలకడగా లేని ఊళ్లో ఫ్రిజ్ ఎక్కడిది? వాడుతున్న సీసాని ప్లాస్టిక్ కవర్లో బిగించి, తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో నీడన ఉంచితే చల్లగా ఉంటుంది. తెరిచాక నాలుగు వారాలు దాటితే వాడొద్దు. తెరవని సీసాలు మాత్రం సబ్ సెంటర్ ఫ్రిజ్‌లోనే ఉంచి ఇవ్వాలి. అది వాళ్ల బాధ్యత.

కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్ సెంటర్ అని లెక్క ఉంది. 30 ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ షుగర్ పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. కాబట్టి మనం అడుగుతున్నవి గొంతెమ్మ కోరికలు కావు. సంత రోజున షుగర్ క్లినిక్ పెట్టండి, మనిషి ఎలాగూ కొండ దిగుతాడు. ఏడాదికి ఒక్కసారైనా చెప్పులు విప్పించి పాదాలు చూడండి. మా భాష వచ్చిన నర్సుని వేయండి. జీవో 3 అంటే మనకి టీచర్ పోస్టులే గుర్తొస్తాయి, 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు మన బాధంతా బడి గురించే. కానీ నర్సు ఉద్యోగానికీ భాష అంతే ముఖ్యం. నర్సింగ్ చదువుతున్న చెల్లెళ్లారా, మిమ్మల్ని చూసే ఈ మాట అంటున్నా.

తప్పంతా సిస్టర్ల మీద తోయడం లేదు. ఒక్క ఏఎన్ఎం టీకాలు, కాన్పులు, జ్వరాలు, ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ చూసుకుంటూ కొండలెక్కుతోంది. ఆ ఐదు నిమిషాలు ఆమెకి దొరికేలా పోస్టులు నింపమనే మన అడుగు.

ఈలోగా ఈ రాత్రి మీ ఇంట్లో షుగర్ ఉన్న మనిషి పాదాలు కడిగి, దీపం వెలుతురులో వేళ్ల సందులు చూడండి. పగుళ్లు, బొబ్బ, రంగు మారడం ఉంటే రేపే చూపించండి, పసరు కట్టి ఆగొద్దు. కాళ్లు పొయ్యికి దూరంగా పెట్టమనండి.

ఇంకొక సాయం కావాలి. 'కాలు మొద్దుబారింది', 'షుగర్ పడిపోయింది' అన్నవాటికి కువి, కోయ, గోండి, సవర, ఆదివాసీ ఒరియాలో మీ ఊళ్లో పెద్దవాళ్లు ఏమంటారో అడిగి మాకు రాసి పంపండి. అన్నీ ఒక కాగితం మీదికి తెచ్చి సబ్ సెంటర్లకి ఇద్దాం. ఆదివాసీ ఒరియా మాట మా మేనత్త చెప్పింది, రాసుకున్నాం.