తెలుగు వ్రాతకు తొలి సంపాదన

బ్లాగులద్వారా ధనార్జన నేర్పెదమని ఈ వారము తాడేపల్లిగూడెమున జరిపిన యొక శిక్షణసభలో, తెలుగున వ్రాసిన కూడు పుట్టదు గనుక బీమాలను గూర్చియు, ఋణములను గూర్చియు ఆంగ్లమున వ్రాయుడని వక్త బోధింపగా, పిల్లలందరును తలలూపుచు వ్రాసికొనుట చూచి నాకు కలిగిన క్లేశము ఇంకను తీరలేదు.

ఆయన లెక్క తప్పు కాదు. పుటలపై ప్రకటనలు నిలుపు గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో వెలసినను, హిందీకి 2014లో, తెలుగునకు 2018లోగాని ద్వారము తెరచుకొనలేదు. 2006నాటికే బ్లాగులనన్నిటిని ఒకచోట చూపు కూడలిని, తెలుగున టైపు చేయుటకు లేఖినిని నెలకొల్పుకొని దమ్మిడీ ఆశింపక వ్రాసిన మనవారి శ్రమకు ఆ పండ్రెండేండ్లును ఫలము లేకపోయెను. నేటికిని ఏలూరు చదువరి చూచు తెలుగు పుటకు ప్రకటనకర్తలు పాడు వేలముపాట, అమెరికా చదువరి చూచు ఆంగ్లపుటకు పాడుదానిలో స్వల్పభాగమే. పది డాలర్లు పోగైన పిమ్మట చిరునామా సరిచూచుటకు పిన్ నంబరుతో తపాలాలో ఉత్తరము వచ్చును. నూరు నిండినగాని బ్యాంకునకు సొమ్ము చేరదు. ఆ రెండు మజిలీల నడుమనే పెక్కుమంది కలము దించివేయుదురు.

అయినను, బీమాను గూర్చి ఆంగ్లమున వ్రాయువారు లోకమున కొల్లలుగా నున్నారు. కొల్లేటి లంకలో తాటిదోనెపై పెరిగిన కుర్రవానికి, బుడమేరు తమ్మిలేరులు తెచ్చిన నీరు ఉప్పుటేరున సముద్రమునకు ఎట్లు దిగునో, ఇంగిలాయి చేప ఎచ్చట దొరకునో, శీలావతి చేపల చెరువున బొచ్చెచేప ఏపాటి కలుపవలెనో, ఆటపాక పక్షికేంద్రమునకు గూడబాతులు ఎప్పుడు చేరునో తెలియును. 2006లో ప్రభుత్వము కొల్లేటి ఐదవ కాంటూరు లోపలి చేపల చెరువుగట్లు కొట్టివేసిననాడు తమ యింట పొయ్యి వెలిగెనో లేదో తల్లినోట వినియున్నాడు. ఇది మరియొకరు వ్రాయజాలరు. దీనికి కైకలూరునను చదువరులు కలరు, డాలస్‌లోను కలరు. ఆ డాలస్ తెలుగువాడు తెరచిన పుటకు ప్రకటన ధరయు హెచ్చును.

పిల్లలను ఆంగ్లమునకు తరిమిన దోషము గూగులునకే అంటగట్టుట న్యాయము గాదు. కథ అచ్చయిన పిమ్మట మనియార్డరు తెచ్చిన తపాలావాని యెదుట సంతకము చేసి పుచ్చుకొన్న చిన్నమొత్తమే మా తరమున పెక్కుమందిని రచయితలుగా నిలిపినది. చతుర, విపుల పత్రికలు 2021లో నిలిచిపోయినవి. మిగిలిన పత్రికలలో ఎన్నియో పారితోషికము మాటయే మరచినవి. వ్రాతకు వెల లేదని ముందుగా చాటినవారము మనమే. సంపాదకులారా, తొలి రచనకు ఐదువందలైనను పంపుడు. చేపమేతయు, సీడును అమ్ము వ్యాపారులు ఏలూరు మొదలు ఆకివీడు దాక గోడలపై వ్రాయించు ప్రకటనల వ్యయములో కొంత, ఏ దళారియు లేకుండ, నేరుగా ఆ కుర్రవాని పుటకు ఈయవచ్చును. వారి సరకు కొను రైతులు చదువునది తెలుగే గదా.