"భోంచేశారా?" అని అడగండి

నేను ఇంగ్లీష్ మీడియంలో చదివాను. అరవై దాటాక తెలుగు రాయడం నేర్చుకుంటున్నాను. మనలాంటి వాళ్లం తెలుగు సరిగ్గా రాదని చాలాసార్లు మాట్లాడకుండా ఊరుకుంటాం. కానీ వచ్చిన నాలుగు మాటలతోనే ఒకరికి మేలు చేయవచ్చని నా అభిప్రాయం.

డొక్కా సీతమ్మ గారి గురించి విన్నారా? ఆమె 1841లో పుట్టారు, 1909లో చనిపోయారు. గోదావరి లంకల్లో, గన్నవరంలో ఉండేవారు. ఆకలితో ఎవరు వచ్చినా, ఏ వేళకు వచ్చినా అన్నం పెట్టేవారు. ఆమె పెద్ద పథకం ఏదీ వేయలేదు. ఎదురుగా ఉన్న మనిషికి వడ్డించారు, అంతే. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది.

మా ట్రాయ్‌లో అన్నానికి కొరత లేదు, మాటకే కొరత. పిల్లల దగ్గరికి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన పెద్దవాళ్లు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. చాలామంది కారు నడపరు. మిషిగన్ చలిలో బయట నడవలేరు.

ఇక్కడి భారతీయ టెంపుల్‌లో సేవ చేస్తూ నేను చూస్తుంటాను. ఇక్కడే పుట్టిన పిల్ల వచ్చి "భోంచేశారా అండీ?" అంటే చాలు, వాళ్ల ముఖం వెలిగిపోతుంది. తర్వాతి వారం వాళ్లే వచ్చి మాతో కూరగాయలు తరుగుతారు. ఇంకొన్నాళ్లకు ఆ పిల్లకే కొత్త మాటలు నేర్పుతారు.

మీ మాటల్లో తప్పులు వస్తాయి. వాళ్లు నవ్వి సరిచేస్తారు. ఈ ఆదివారం ఒక్కరినైనా అడగండి.