ఎన్నో ముద్ద దాకా?



పద్యాలను, జాతీయాలను గురించి తప్ప ఇక్కడ ఇంతవరకు నేను వేరే ఏమీ వ్రాయలేదు. ఈ మారు ఒక అర్జీని గురించి వ్రాస్తున్నాను. అది నేను వ్రాసిన అర్జీయే. మూడు మార్లు తప్పుగా వ్రాసి నాలుగవ మారు దిద్దుకొన్నాను.

మా చెల్లెలి కొడుకుకు కండరాల క్షీణత వ్యాధి. వయస్సు ముప్పదికి దగ్గర పడింది. పదునాలుగవ యేట నడక పోయింది. నాటినుండి చక్రాల కుర్చీయే. వారిది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లె. వైద్యం కోసం హైదరాబాదు వచ్చినప్పుడల్లా తార్నాకలో మా ఇంట దిగుతారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దివ్యాంగుల పింఛనును నెలకు 3,000 రూపాయల నుండి 6,000కు పెంచింది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత గలవారికి 5,000 నుండి 15,000 చేసింది. మంచి పని. మా వాడికి ఆ పెద్ద మొత్తమే అందేది. 2025లో పునఃపరీక్షలు వచ్చాయి. ఆ పరీక్ష తరువాత వాడిని 15,000 వరుస నుండి 6,000 వరుసకు దించారు. కారణమేమని అడిగితే నోటిమాటగా చెప్పినది ఇది: "చేయి నోటిదాకా వస్తున్నది, స్వయంగా తినగలడు."

తగ్గినది తొమ్మిది వేలు. ఉదయమూ రాత్రీ వచ్చి వాడిని లేపి కూర్చోబెట్టి, అన్నం తినిపించి వెళ్ళే మనిషికి మా చెల్లెలు ఇచ్చేది ఎనిమిది వేలు. లెక్క అంతే. మా చెల్లెలికి అరవై దాటాయి, కుడి భుజం పైకి లేవదు.

పరీక్ష ఎక్కడ జరిగినదో, చేసినవారెవరో చెప్పను. ఆనాడు ఆ గుమ్మం ముందు ఎంత బారు ఉన్నదో మా చెల్లెలు చెప్పింది. మనిషికి నాలుగైదు నిమిషాలు దక్కితే గొప్ప. కనుక నా తగవు ఆ వైద్యునితో కాదు, ఆయన వేసిన ప్రశ్నతో. "చేయి నోటిదాకా ఎత్తు బాబూ" అన్నారట. వీడు ఎత్తాడు. పళ్ళెం లేదు, అన్నం లేదు, వట్టి చేయి. నేను కొంచెం కోపంగానే "ఎందుకు ఎత్తావురా?" అన్నాను. "ఎత్తగలను కదా మామయ్యా! ఎత్తలేనని అబద్ధం చెప్పమంటావా?" అన్నాడు. నలభై యేళ్ళు పిల్లలకు నీతిపద్యాలు చెప్పినవాడిని, బదులు పలుకలేకపోయాను.

ఉదయపు నడకకు మేము నలుగురైదుగురం విశ్రాంత ఉద్యోగులం ఉస్మానియా ప్రాంగణంలోకి వెళుతుంటాము. ఆర్ట్స్ కళాశాల మెట్ల దగ్గర కూర్చున్నప్పుడు ఈ సంగతి కదిపాను. ఒక మిత్రుడు, "దొంగ సర్టిఫికెట్లు లేవంటారా? పరీక్షించకుండా పంచిపెట్టమంటారా?" అన్నాడు. లేవని నేను అనను. ప్రజల ధనానికి పరీక్ష ఉండవలసిందే. కాని ఆ ప్రశ్న ఎవరిని పట్టుకొంటుందో చూడండి. మోసగాడు చేయి ఎత్తడు, మూలుగుతాడు. చేతనైనంత చేసి చూపాలనే అభిమానం ఉన్నవాడే ఎత్తి చూపుతాడు. దొంగను పట్టడానికి పెట్టిన పరీక్షలో దొంగ గట్టెక్కి, నిజాయతీపరుడు తప్పుతున్నాడు. ఈ మాటకు మా మిత్రుడు సమాధానం చెప్పలేదు, టీ చెప్పాడు.

వృత్తిధర్మంగా ఒక వ్యాకరణపు మాట. 'తినగలడు' అన్నది శక్తిని చెప్పే క్రియ. 'తినిపించు' అన్నది ప్రేరణార్థకం, అందులో ఇద్దరు కర్తలు ఉంటారు. మా వాడి భోజనంలో ఈ రెండు క్రియలూ ఉన్నాయి. మొదటి కొన్ని ముద్దలు తింటాడు, తరువాతివి తినిపించాలి. దరఖాస్తులో మాత్రం ఒక్క క్రియకే చోటున్నది.

ప్రాంగణంలో న్యాయశాస్త్రం చదువుతున్న ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చి చట్టం కాగితాలు చదివి వినిపించాడు. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం వైకల్య నిర్ధారణకు ప్రకటించిన మార్గదర్శకాలలో చేతి పొందికను చూడడానికి పది పనులు చెప్పారు. ముక్కును తాకడం, తల దువ్వుకోవడం, చొక్కా తొడుక్కోవడం, బొత్తాలు పెట్టుకోవడం, గ్లాసుతో నీళ్ళు త్రాగడం, వ్రాయడం వంటివి. వాటిలో ఒకటి 'భారతీయ పద్ధతిలో తినడం'. ఒక్కొక్క పనికి తొమ్మిది శాతం. చదవగానే నాకు ముచ్చట వేసింది. చెంచాతో కాక చేత్తో తినే జాతి అని ఎవరో గుర్తుంచుకొన్నారు! కాని భారతీయ పద్ధతి అంటే ఏమిటి? అన్నంలో పప్పు కలపాలి, పిసకాలి, ముద్ద చేయాలి, జారకుండా ఎత్తాలి, బొటనవ్రేలితో లోపలికి నెట్టాలి. ఇవన్నీ ముప్పై నలభై మార్లు చేస్తే ఒక పూట గడుస్తుంది. వట్టి చేతిని గాలిలో ఒక మారు ఎత్తించడం పైవాటిలో దేనికి పరీక్ష?

ఇంటికి కూతవేటు దూరంలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు చేరిన సంస్థ. ఈ దేశంలో మనిషి రోజుకు ఎన్ని గ్రాములు తినాలో చెప్పేది అదే. ఆ గోడ వెంట నడిచేటప్పుడల్లా ఈ మధ్య ఒకటే ఆలోచన. పళ్ళెంలోకి ఎంత రావాలో కొలిచే విద్య మనకు వచ్చింది. పళ్ళెం నుండి నోటికి ఎంత చేరుతున్నదో కొలిచే విద్య రాలేదు.

అది అసాధ్యమేమీ కాదు. ఇంగ్లండులో స్థిరపడిన నా పూర్వవిద్యార్థిని ఒకామె ఫోనులో అక్కడి పద్ధతి వివరించింది. బ్రిటన్‌లో 2013లో మొదలైన వైకల్య భృతిలో ఆహారం తీసుకోవడాన్ని విడిగా లెక్కిస్తారు. ముక్కలు కోసిపెట్టే మనిషి కావలసివస్తే రెండు పాయింట్లు, నోటికి చేర్చే మనిషే కావలసివస్తే పది. దైనందిన జీవన భృతికి ఎనిమిది చాలు. అంతకన్నా నాకు నచ్చినది మరొకటి. 'చేయగలడు' అనాలంటే ప్రమాదం లేకుండా, తగిన తీరుగా, కావలసినన్ని మార్లు, తగిన వ్యవధిలో చేయగలగాలట. వైకల్యం లేనివానికి పట్టే గరిష్ఠ కాలానికి రెట్టింపు మించితే అది తగిన వ్యవధి కాదు. అక్కడా నిర్ణయాలు తప్పుతాయట, జనం ట్రిబ్యునళ్ళ చుట్టూ తిరుగుతారట. అయినా తప్పు అని చూపడానికి వారి చేతిలో ఒక కొలబద్ద ఉన్నది.

మనకూ చట్టం లేకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దైనందిన కార్యాలకు కావలసిన గాఢమైన సహాయాన్ని 'అధిక మద్దతు' అని విడిగా నిర్వచించింది. అది తనకు కావాలని చట్టం నిర్దేశించిన స్థాయి వైకల్యం గలవారెవరైనా అడుగవచ్చునని 38వ సెక్షను, ధ్రువీకరణ నిర్ణయం మీద అప్పీలు చేసుకోవచ్చునని 59వ సెక్షను చెబుతున్నాయి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, పరీక్షలో లేఖకుని సహాయం పొందడానికి నలభై శాతం వైకల్యం ఉండి తీరాలన్న పట్టుదల కూడదన్నది. వ్రాయలేనివానికి వ్రాసేవాడు కావాలి, అంతే. తినలేనివానికి తినిపించేవాడు కావాలనడానికి ఇంతకంటే పెద్ద న్యాయం కావాలా?

ఇక నా అర్జీ. మొదటి ప్రతిలో 'దీనుడు', 'అభాగ్యుడు', 'తమ దయాదృష్టి' వంటి మాటలు ధారాళంగా దొర్లాయి. మా వాడు వినిపించమన్నాడు. విని, "ఇది నేను కాదు మామయ్యా. ముద్దలు లెక్కపెట్టి వ్రాయి" అన్నాడు. మరి రెండు ప్రతులలోనూ అలవాటు మానలేదు, రెండూ వాడే చింపించాడు. చివరకు గడియారం ముందు పెట్టుకొని కూర్చున్నాము. మంగళవారం మధ్యాహ్నం, అన్నం, దోసకాయ పప్పు. ఆరు ముద్దలు స్వయంగా. ఏడవదానికి మోచేతి క్రింద నేను చేయి ఆనించాను. తొమ్మిదవది ఒడిలో పడింది. పదకొండవదానికి చేయి పళ్ళెంలోనే ఆగిపోయింది. అప్పటికి పదునాలుగు నిమిషాలు. మిగిలిన ఇరవై రెండూ వాళ్ళమ్మ తినిపించింది. మొత్తం నలభై ఒక్క నిమిషాలు. వరుసగా ఏడు రోజులు, రెండు పూటలా ఇట్లాగే వ్రాశాము. అర్జీలో విశేషణం ఒక్కటీ లేదు. చివరి వాక్యం వాడు చెప్పగా నేను వ్రాసినది: "చేయి ఎత్తగలనా అని కాక, భోజనం ముగించగలనా అని పరీక్షింప ప్రార్థన."

'ప్రార్థన' అన్న మాట కూడా వద్దన్నాడు. అది మాత్రం నేను ఉంచాను, వయస్సు చేత.

అప్పీలు అందినట్లు రశీదు వచ్చింది, తేదీ ఇంకా రాలేదు. ఈ సారి టిఫిను డబ్బా తీసుకొనే వెళతాము. మీలో ఎవరైనా ఇటువంటి పునఃపరీక్షకు తమవారిని తీసుకొని వెళ్ళి ఉంటే, బల్ల మీద అన్నం పెట్టి చూడనిచ్చారో లేదో దయచేసి వ్రాయండి.