డప్పూ కావాలి, డిగ్రీ కావాలి



మేము డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక సాయంత్రం వంటగది వెనుక డప్పులు కాపుకుని వాయిస్తున్నాం. గోడ అవతలి ఇంటి పెద్దాయన తల పైకెత్తి, "ఏం బాబూ, హాస్టల్లో ఎవరన్నా పోయిన్రా?" అని అడిగారు. వెక్కిరింపుగా కాదు, నిజంగా భయపడి అడిగారు. మేము నవ్వాం. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ మాట మమ్మల్ని వదల్లేదు. డప్పు మోగితే జనానికి మొదట గుర్తొచ్చేది చావేనా? ఈ వ్యాసం ఆ ప్రశ్నతోనే మొదలైంది అనుకోండి.

2021లో దోస్త్ ద్వారా సీట్లు వచ్చి ఈ హాస్టల్లో చేరినప్పుడు మేము ఏడుగురం. అందరం మా మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళమే. ఆ ఏడు హాస్టల్ డేకి డీజే పెడదామంటే చందాలు చాలలేదు. మాలో ఒకడు, "మా తాత డప్పు అటక మీద ఉంది, తెస్తా" అన్నాడు. ఒక్క డప్పు వచ్చింది. తర్వాత నాలుగయ్యాయి. హాస్టల్ డే నాడు పావుగంట వాయించాం. వార్డెన్ గారు కుర్చీలోంచి లేచి రెండు అడుగులు వేశారు. అంతే, మా బృందం పుట్టింది. దానికి పేరు కూడా పెట్టలేదు. 'హాస్టల్ డప్పు' అంటే కాలేజీలో అందరికీ తెలుసు.

తెలియని తమ్ముళ్ళ కోసం కాస్త చెప్తాం. గుండ్రటి చెక్క చట్రానికి తోలు బిగిస్తే డప్పు. ఎడమ భుజానికి తగిలించుకుంటాం. ఎడమ చేతిలో సన్నగా, పొడుగ్గా ఉండే చిటికెన పుల్ల, కుడి చేతిలో పొట్టిగా, లావుగా ఉండే సిర్ర. తోలు చెమ్మకు వదులవుతుంది, మంటకు కాపితే బిగుస్తుంది. అందుకే వానాకాలంలో ప్రతి అరగంటకూ కాపాలి. మేము పాత పేపర్లు కాల్చి కాపేవాళ్ళం. ఒకసారి తొందరలో ఒకడి ఎకనామిక్స్ నోట్సు కూడా మంటలో పోయింది. వాడు ఇప్పటికీ ఆ లెక్క అడుగుతుంటాడు. ఈ మధ్య ప్లాస్టిక్ డప్పులు వచ్చాయి, వాటిని కాపే పని లేదు. కానీ తోలు డప్పు కొట్టిన చేతికి ఆ మోత సరిపోదు.

దరువు నేర్పింది మా తాతలు, ఊళ్ళో ఉన్న పెద్దలు. నేర్చుకున్నది మాత్రం అందరం. మాలో నలుగురు మాదిగ ఇళ్ళ నుంచి, ఇద్దరు మాల ఇళ్ళ నుంచి, ఒకడు లంబాడీ తండా నుంచి వచ్చాం. దరువు తప్పితే ఎవరైనా ఒకటే తిట్టు తినేవాళ్ళం.

ఇంట్లో ఏమన్నారు?

మొదటి అభ్యంతరం బయటివాళ్ళ నుంచి రాలేదు, ఇంటి నుంచే వచ్చింది. పండుగకు ఊరికి పోయినప్పుడు ఫోనులో వీడియో చూపిస్తే మాలో ఒకడి నాయిన ముఖం తిప్పుకున్నాడు. "గిది కొట్టొద్దనే కదరా నిన్ను సదువుకు తోలింది" అన్నాడు. ఆయన తప్పుగా అనలేదు. ఆయన చిన్నప్పుడు ఊళ్ళో ఎవరు చచ్చినా కబురొచ్చేది. జ్వరమున్నా పోవాలి, కూలి పోగొట్టుకునైనా పోవాలి. పాడె ముందు నడవాలి, దూరంగా కూర్చుని తినాలి. ఏడాదికోసారి కల్లం దగ్గర పెట్టిన నాలుగు వడ్లే కూలి. రానని చెప్పే హక్కు లేదు. దాన్ని కళ అని ఎవరూ పిలవలేదు. ఆయన వద్దన్నది డప్పును కాదు, ఆ వెట్టిని. ఈ తేడా తెలుసుకోవడానికి మాకు రెండేళ్ళు పట్టింది.

ఇదే డప్పు మన పెద్దల చేతుల్లో మరో పని కూడా చేసింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమానికి జనం దండోరా అనే పేరు పెట్టుకున్నారు. ఆ ఉద్యమం మీద మన హాస్టల్లోనే ఎవరి అభిప్రాయం వాళ్ళకుంది, అది వేరే చర్చ. కానీ తలవంచుకుని కొట్టిన డప్పును తలెత్తి కొట్టవచ్చని అది చూపించింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద డప్పు లేని రోజు లేదు. అప్పుడు ఎవరూ "ఎవరు పోయారు?" అని అడగలేదు.

ఇంకో సంగతి. కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే ఇంగ్లీషు పుస్తకం రాశారు. మృదంగాలు తయారుచేసే కుటుంబాల గురించి ఆ పుస్తకం. ఆ కుటుంబాల్లో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. మృదంగానికీ తోలే, డప్పుకూ తోలే. ఒకటి సభలో తివాచీ మీద కూర్చుంటుంది, ఇంకొకటి గుమ్మం బయట నిలబడుతుంది. ఈ తేడా తోలులో లేదు, మనుషుల్లో ఉంది.

కాలేజీలో ఏం జరిగింది?

కాలేజీ మాకు రెండు ముఖాలు చూపించింది. మంచి ముందు చెప్తాం. యూనివర్సిటీల మధ్య జరిగే యువజనోత్సవాల్లో జానపద వాద్య బృందాలకు ప్రత్యేకంగా పోటీ ఉంటుందని మాకు తెలియదు. ఒక లెక్చరర్ గారు పిలిచి చెప్పారు. ఎంపిక పోటీకి వెళ్ళాం, ఓడిపోయాం. అయినా గిటారు, కీబోర్డు పట్టుకున్నవాళ్ళతో పాటు అదే గ్రీన్ రూంలో కూర్చుని మా వంతు కోసం ఎదురుచూడటం మాకు కొత్త. ఒక అబ్బాయి వచ్చి సిర్ర అడిగి తీసుకుని ప్రయత్నించాడు. వాడికి దరువు పడలేదు. మాకు లోపల కొంచెం సంతోషమే అయింది, దాచుకోం.

రెండో ముఖం ఇది. కాలేజీకి ఒక పెద్ద నాయకుడు వస్తున్నాడని గేటు నుంచి స్టేజీ దాకా ముందు నడిచి వాయించమన్నారు. అప్పటికి సెమిస్టర్ పరీక్షలు మూడు రోజుల్లో ఉన్నాయి. చదువుకోవాలి, రాలేమన్నాం. "మీకిది కొత్తా? మీ ఇంటి పనే కదా" అన్నాడొకాయన. ఆ మాటతో మేము ఎక్కడున్నామో అర్థమైంది. ఊళ్ళో కబురు పంపి పిలిచారు, ఇక్కడ నోటీసు ఇచ్చి పిలిచారు. మేము పోలేదు. ఎవరూ మమ్మల్ని ఏమీ చేయలేదు. కాదు అని చెప్పడం మా తాతలకు లేని హక్కు. ఆ హక్కును మాకు చదువే ఇచ్చింది.

డబ్బు, హాజరు, మా తప్పు

ఇక అసలు సంగతికి వస్తాం. ఇది రాయడానికి మాకు మనసు రాలేదు. కానీ ఇది రాయకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది.

రెండో సంవత్సరంలో పెళ్ళిళ్ళకు, జాతరలకు పిలుపులు మొదలయ్యాయి. ఒక రాత్రి వాయిస్తే మనిషికి ఐదారు వందలు వచ్చేవి. అప్పట్లో కాలేజీ హాస్టల్ మెస్ చార్జీ నెలకు తలకు 1500 రూపాయలు. అది 2100 అయింది 2024లోనే. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు ఒక రాత్రికి ఐదు వందలంటే మాకు చిన్న డబ్బు కాదు. పరీక్ష ఫీజులు కట్టుకున్నాం, ఇంటికి పంపుకున్నాం, ఒకడు చెల్లెలికి సైకిల్ కొన్నాడు.

కానీ లగ్గాలు మాఘంలో, వైశాఖంలో వస్తాయి. మన పరీక్షలూ ఎండాకాలమే. రాత్రంతా వాయించి పొద్దున వచ్చి పడుకుంటే మొదటి రెండు పీరియడ్లు పోయేవి. 75 శాతం హాజరు లేకపోతే స్కాలర్‌షిప్ ముందుకు పోదు. ఆ ఏడు మాలో ముగ్గురికి హాజరు తగ్గింది. ఇద్దరు ఫైను కట్టి గట్టెక్కారు. మూడోవాడికి అంతకన్నా తగ్గింది, ఆ సెమిస్టర్ పోయింది. "వచ్చే ఏడు రాస్తలే" అన్నాడు. వాడే మాలో అందరికన్నా బాగా కొట్టేవాడు. అందుకే ప్రతి పిలుపుకూ ముందు వాడినే లేపేవాళ్ళం. వాడు రాకపోతే దరువు నిలబడదని మేమే బతిమాలేవాళ్ళం.

వాడు మళ్ళీ కాలేజీకి రాలేదు. ఇప్పుడు ఒక బ్యాండు మేళంలో ఉన్నాడు. సీజన్ ఉంటే పని, లేకపోతే సెంట్రింగ్ పని. మిగతా ఆరుగురిలో ఇద్దరం ఇరవై మూడేళ్ళకు పీజీలో ఉన్నాం, ఇద్దరం బీఎడ్ చేస్తున్నాం, ఒకడు గ్రూప్స్‌కు చదువుతున్నాడు, ఒకడు హైదరాబాదులో ప్రైవేటు కంపెనీలో చేరాడు. వాడు ఎక్కడన్నా కలిస్తే మామూలుగానే నవ్వుతాడు. మేమే వాడి కళ్ళలోకి చూడలేకపోతున్నాం.

కళే బతుకుతెరువు కావచ్చు కదా అని కొందరు అన్నలు అంటారు. కావచ్చు. రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు ఉద్యోగాలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024లో నెలకు 4000 రూపాయలకు పెరిగింది. రెండూ మంచివే. కానీ ఆ ఉద్యోగాలు రాష్ట్రమంతటికీ కలిపి 550. పింఛను వయసు మళ్ళినవాళ్ళ కోసం. మధ్యలో ఉన్న ముప్పై ఏళ్ళు ఏం తినాలి? ఆ ముప్పై ఏళ్ళ కోసమే డిగ్రీ కావాలి.

చెల్లెళ్ళ మాట

మూడో సంవత్సరం అంబేద్కర్ జయంతికి బాలికల హాస్టల్ నుంచి ఇద్దరు చెల్లెళ్ళు వచ్చి మేమూ నేర్చుకుంటామన్నారు. నిజం చెప్పాలంటే మొదట వెనకాడింది మేమే. "భుజం నొస్తుంది, చేతులు బొబ్బలెక్కుతాయి" అని వంకలు చెప్పాం. "కలుపు తీసిన చేతులే అన్నా" అన్నారు వాళ్ళు. ఇక మాట్లాడలేదు. ఏప్రిల్ 14న విగ్రహం దగ్గర వాళ్ళు వాయిస్తుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. మమ్మల్ని చిన్నచూపు చూసిన మాటల గురించి ఇంత రాశాం కదా, మేము కూడా ఒకరిని అలాగే ఆపబోయాం. అందుకే ఇదీ రాస్తున్నాం.

మా అభిప్రాయం

డప్పు వదిలేస్తేనే మనం పైకొస్తామనే మాటను మేము ఒప్పుకోం. డప్పు ఉంటే చాలు, చదువు లేకపోయినా ఫరవాలేదనే మాటను అసలే ఒప్పుకోం. ఇప్పుడు హాస్టల్లో కొత్త బృందం తయారవుతోందని విన్నాం. వాళ్ళకు మా అనుభవం నుంచి నాలుగు మాటలు చెప్తాం.

1. సాధన సాయంత్రం ఆటల గంటలోనే. స్టడీ అవర్ గంట కొట్టగానే సిర్ర కింద పెట్టాలి.

2. పరీక్షలకు నెల ముందు నుంచి ఏ పిలుపూ ఒప్పుకోవద్దు. హాజరు 80 శాతానికి తగ్గినవాడు, ఎంత బాగా కొట్టేవాడైనా, ఆ నెల బృందంతో రావద్దు. వాడు లేక దరువు చెడితే చెడనివ్వండి.

3. వచ్చిన డబ్బులో ఒక వంతు పక్కన పెట్టండి. స్కాలర్‌షిప్ ఆలస్యమైనవాడి పరీక్ష ఫీజు దాంట్లోంచి కట్టండి. మేము ఈ పని చేసి ఉంటే మా మిత్రుడు అన్ని రాత్రులు వచ్చేవాడు కాదు.

4. మీకు ఇష్టమైతేనే వాయించండి. "మీ ఇంటి పనే కదా" అని ఎవరైనా అంటే, పరీక్ష లేకపోయినా సరే, పోవద్దు.

వార్డెన్ గారికి, కమిటీకి ఒక మనవి. క్రికెట్ కిట్టుకు బీరువా ఉంది. డప్పులు మాత్రం బాత్రూముల పక్కన చెమ్మ గోడకు వేలాడుతున్నాయి. వాటికీ ఒక పొడి గది మూల ఇవ్వండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఇంకో మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు డప్పు మోగితే దూరంగా నిలబడకండి. మీలో కొందరు తాతల డప్పు గురించి పిల్లలకు చెప్పలేదని మాకు తెలుసు. ఈసారి పిల్లల్ని వెంట తీసుకురండి.

మా మిత్రుడికి ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ ఫీజు కట్టడానికి మేము ఆరుగురం డబ్బు పోగు చేశాం. ఇంకా ఒప్పుకోలేదు. వార్షికోత్సవం నాడు దరువు ఎత్తుకోవడానికి మాత్రం వస్తానన్నాడు. వచ్చిన రోజు ఫారం చేతిలో పెట్టి సంతకం పెట్టించే దాకా వదలం. మీరూ పక్కన ఉండి ఒక మాట చెప్పండి.

జై భీమ్.